అక్కను, తమ్ముణ్ణి కలిపి దత్తత తీసుకునే కుటుంబం కోసం (నెల్లూరు, ప్రకాశం వాళ్లు చదవండి)

సముద్రగాలి (నెల్లూరు జిల్లా):

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా వంటల విభాగంలోనే రాస్తుంటాను, ఈసారి విషయం వేరే. మా ఇంట్లో ఇద్దరు పిలకాయలు ఉన్నారు, అక్కా తమ్ముడు. పాపకి 9 దాటింది, బాబుకి 6. ఫాస్టర్ కేర్ కింద, అంటే దత్తత కాకుండా కొంతకాలం పెంచమని, ప్రభుత్వం మాకు అప్పగించిన పిల్లలు. వాళ్లకి అయినవాళ్లెవరూ లేరని బాలల సంక్షేమ కమిటీ విచారించి, చట్టప్రకారం దత్తతకి ఇవ్వొచ్చని ఉత్తర్వు కూడా ఇచ్చింది. పేర్లు, ఊరు, ఫొటోలు ఏమీ పెట్టను, దయచేసి అడగొద్దు.

బాధేందంటే, ఇద్దర్నీ కలిపి తీసుకుంటాం అనేవాళ్లు ఇంతవరకు కనపడలేదు. బాబు కోసమైతే అడుగుతూనే ఉంటారు. చుట్టాల్లో అడిగారు, వీధిలో అడిగారు, పాలు పోసే ఆయన కూడా వాళ్ల తోడల్లుడి కోసం అడిగాడు. పాప మాట ఎత్తితే మాత్రం "పెద్దపిల్ల కదమ్మా, మనతో కలవదు" అని లేచిపోతారు. ఆ మాట పాప వినే చోటే అంటారు, అదే నాకు కోపం. ఎవరన్నా కొత్తవాళ్లు వాకిట్లోకి వస్తే చాలు, ఆ పిల్ల తమ్ముడి చొక్కా పట్టుకుని నిలబడుతుంది. బడిలో అన్నాల బెల్ కొట్టగానే ముందు ఒకటో తరగతి దగ్గరికి పోయి వాడు గుడ్డు తిన్నాడో లేదో చూసుకుని, అప్పుడు తన పళ్లెం పట్టుకుంటుందంట, వాళ్ల టీచర్ చెప్పింది. రాత్రిపూట నిద్రలో లేచి వాడు పక్కన ఉన్నాడా అని చేత్తో తడుముతుంది. ఇంత చిన్న ప్రాణానికి ఇంత కాపలా ఎందుకు చెప్పండి.

ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది నేను కాదు, అది నాకు తెలుసు. కానీ దత్తత కోసం ఇప్పటికే పేరు రాయించుకున్నవాళ్లు, రాయించుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఒక్క బిడ్డ అని కాకుండా తోబుట్టువులు అనే దానికి కూడా ఒప్పుకోండి అని అడగడానికి రాస్తున్నాను. అట్లా తెచ్చుకున్నవాళ్లు ఉంటే మీ ఇంట్లో ఎట్లా జరిగిందో రాయండి, భయపడేవాళ్లకి ధైర్యం వస్తుంది.


రొయ్యల చెరువు (కోవూరు వైపు):

అక్కా, చదివినప్పటి నుంచి ఆ పాపే గుర్తొస్తోంది. ఒక డౌట్. ఫాస్టర్ కేర్‌లో 2 ఏళ్లు ఉంచుకున్న కుటుంబం ఆ పిల్లల్ని వాళ్లే దత్తత తీసుకోవచ్చని 2022 నిబంధనల్లో వచ్చింది కదా, ముందు 5 ఏళ్లు అనేవాళ్లు. మీకే ఇంత ప్రేమ ఉన్నప్పుడు మీరే ఎందుకు తీసుకోకూడదు? తప్పుగా అనుకోవద్దు, తెలుసుకుందామని అడుగుతున్నా.


సముద్రగాలి:

తప్పేముంది తమ్ముడూ, అందరూ అడిగేదే. మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ జరుగుతోంది. పిల్లలు వచ్చినప్పుడు మనిషి గట్టిగానే ఉన్నాడు. ఇప్పుడు వారంలో సగం రోజులు నెల్లూరు ఆసుపత్రిలోనే. దత్తత తీసుకునేవాళ్లకి ప్రాణం మీదికి వచ్చే జబ్బులు ఉండకూడదు, అది న్యాయమే, ఒకసారి అమ్మానాన్నని పోగొట్టుకున్న పిల్లలకి మళ్లీ అదే చూపించకూడదు. పైగా మా ఇద్దరి వయసు కలిపితే 110 దాటింది, పెద్దపిల్లలకి కూడా అదే ఆఖరి హద్దు అంట. ఇంకో ఇల్లు దొరికేదాకా మా దగ్గరే ఉంటారు, అందులో మార్పు లేదు.


బుచ్చి కుర్రోడు:

మేడం, మా బావ వాళ్లకి పెళ్లయి 14 ఏళ్లు, పిల్లలు లేరు. ఆసుపత్రులకి చాలా ఖర్చు పెట్టారు. బాబుని వాళ్లకి ఇస్తే బంగారంలా చూసుకుంటారు. పాప ఎటూ మీకు అలవాటైంది కాబట్టి మీ దగ్గరే ఉంటుంది, పండక్కి బాబుని తీసుకొచ్చి చూపిస్తారు. నోటరీ దగ్గర స్టాంప్ పేపర్ మీద రాసుకుందాం. ఖర్చులు ఏమున్నా వాళ్లే పెట్టుకుంటారు. ఫోన్ నంబర్ కింద పెట్టాను.


నిర్వాహకురాలు:

ఫోన్ నంబర్ తీసేశాను. తమ్ముడూ, మీ ఉద్దేశం మంచిదే, అయినా ఇది అందరికీ తెలియాలి కాబట్టి ఇక్కడే చెబుతున్నా. స్టాంప్ పేపర్ మీద రాసుకుని బిడ్డని తెచ్చుకోవడం దత్తత అవదు. ఇట్లాంటి పిల్లల్ని పద్ధతి తప్పి ఇచ్చినా, తీసుకున్నా బాలల న్యాయ చట్టం 80వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు గానీ లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. డబ్బు చేతులు మారిందంటే 81వ సెక్షన్, అది ఇంకా గట్టిది. 2021లో కోవిడ్ రెండో దశలో "ఇద్దరు పసిపిల్లలు అనాథలయ్యారు, దత్తతకి ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్‌లు మన గ్రూపుల్లోకి కూడా వచ్చాయి, అట్లాంటివి కనిపిస్తే ముందుకు పంపకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. ఇంకోటి, సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఆనవాలు ఏదీ బయట పెట్టకూడదు, 74వ సెక్షన్. ఈ చర్చలో ఎవరు గుచ్చి గుచ్చి అడిగినా ఆ పోస్టు తీసేస్తాను.


ఉదయగిరి అన్న:

నేను ఇట్లాంటి చోట్ల పెద్దగా రాయను. పండక్కి తీసుకొచ్చి చూపిస్తారు అనే మాట చూసి ఉండలేక రాస్తున్నా.

మా నాన్న పోయినప్పుడు నాకు 10, మా తమ్ముడికి 4. అమ్మ కూలికి పోయేది. మా దూరపు చుట్టాలకి పిల్లలు లేరు, గుంటూరు వైపు ఉండేవాళ్లు, తమ్ముణ్ణి పెంపకం తీసుకున్నారు, నన్ను హాస్టల్లో వేశారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాణ్ణి బాగా చదివించారు, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. మొదట్లో పండక్కి తీసుకొచ్చేవాళ్లు. తర్వాత పిల్లోడు తిరిగి వెళ్లేటప్పుడు ఏడుస్తున్నాడని మానేశారు. ఎవరిని తప్పు పట్టాలి? వాడు ఏడవకూడదని వాళ్లు అనుకున్నారు, నేను మాత్రం ఆ సంక్రాంతికి వస్తాడు, ఈ సంక్రాంతికి వస్తాడు అని బస్టాండ్‌కి పోయి కూర్చునేవాణ్ణి. తర్వాత చాలా ఏళ్లకి ఒక పెళ్లిలో కలిశాం. వాడు నన్ను "మీరు" అన్నాడు. నా తమ్ముడు, నేను చంకనేసుకుని తిప్పినవాడు, నన్ను మీరు అన్నాడు. ఇప్పుడు ఫోన్లు చేసుకుంటాం, మంచిగానే ఉంటాం, కానీ చిన్నప్పటి మాట ఒక్కటి కూడా మా మధ్య లేదు, వాడికి గుర్తులేదు, నాకు చెప్పడం చేతకాదు.

సముద్రగాలి అక్కా, ఎవరొచ్చి ఏం చెప్పినా ఆ ఇద్దర్నీ విడదీయనివ్వొద్దు.


బుచ్చి కుర్రోడు:

అన్నా, మీది చదివి బావకి ఫోన్ చేసి వినిపించాను. మా అక్క కూడా విన్నది. నాకు ఈ చట్టాలు తెలియవు, మా ఊళ్లో అందరూ స్టాంప్ పేపరే అంటారు. ఇప్పుడు అక్క అడుగుతోంది, బావకి 47, తనకి 41, ఇద్దరు పిల్లల్ని ఇస్తారా, వయసు అడ్డం వస్తుందా అని. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


రిటైర్డ్ సూపర్‌వైజర్ (ఒంగోలు):

నేను ఐసీడీఎస్‌లో (అంగన్‌వాడీలు చూసే విభాగం) పనిచేసి రిటైర్ అయ్యాను, దిక్కులేని పసిపిల్లల్ని ఉంచే శిశుగృహ పనులు దగ్గర నుంచి చూశాను కాబట్టి తెలిసినంత రాస్తాను.

మీ బావ, అక్క వయసు కలిపితే 88. 2022 దత్తత నిబంధనల ప్రకారం దంపతుల ఇద్దరి వయసు కలిపి చూస్తారు. 2 ఏళ్ల లోపు బిడ్డకి 85 దాటకూడదు, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకి 90, 4 నుంచి 8 వరకు 100, ఆపైన 110. అంటే పసిబిడ్డ కావాలంటే మీ వాళ్లకి ఇప్పటికే దాటిపోయింది, కాస్త పెద్దపిల్లలకైతే ఏ అడ్డమూ లేదు. పెళ్లయి 2 ఏళ్లు దాటి ఉండాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి, బిడ్డకీ పెంచేవాళ్లకీ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఒంటరి మహిళలు కూడా తీసుకోవచ్చు, ఒంటరి మగవాళ్లకి ఆడపిల్లని ఇవ్వరు.

పేరు రాయించుకునేది కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల కేరింగ్స్ అనే వెబ్‌సైట్‌లో. దేశమంతటికీ అదొక్కటే వరుస. నెట్ సెంటర్‌కి పోయి ఎవరికో పాస్‌వర్డ్ ఇచ్చి రావద్దు, ప్రతి జిల్లాలో జిల్లా బాలల సంరక్షణ విభాగం అని ఉంటుంది, డీసీపీయూ అంటారు, వాళ్లే దగ్గరుండి చేయిస్తారు. తర్వాత సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి మాట్లాడి రిపోర్టు రాస్తుంది, ఆ రిపోర్టు 3 ఏళ్లు చెల్లుతుంది. దానికి టెన్షన్ పడి ఇల్లు సున్నం కొట్టించి, కొత్త సోఫా అప్పు తెచ్చినవాళ్లని చూశాను. ఆమె చూసేది సోఫా కాదమ్మా, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకున్నారా, ఇద్దరు పిల్లల్ని ఒకేసారి తెచ్చుకుంటే పొద్దున ఎవరు లేపుతారు, జ్వరం వస్తే ఎవరు సెలవు పెడతారు, ఇవి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇక్కడ చెబుతున్నా. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డే కావాలని కూర్చున్నవాళ్లు 3 ఏళ్లకి పైనే ఎదురుచూస్తున్నారు. 2024-25లో దేశమంతా కలిపి అయిన దత్తతలు 4,515, అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. వరుసలో ఉన్నవాళ్లు దానికి ఎన్నో రెట్లు. అయినా తోబుట్టువులు, పెద్దపిల్లలు మాత్రం అట్లాగే మిగిలిపోతున్నారు, ఎందుకంటే దరఖాస్తులో ఒక్క బిడ్డ, చిన్న వయసు అని పెట్టినవాళ్లకి ఈ పిల్లల వివరాలు అసలు కనపడవు. అక్కాతమ్ముళ్లని ఒకే జతగా చూపిస్తారు, ఒకర్ని ఎంచుకోవడం ఉండదు. వరుసలో ఎవరూ తీసుకోని పిల్లల్ని విడిగా చూపిస్తారు, ఇప్పటికే ఇద్దరు పిల్లలు ఉన్న దంపతులు కూడా అక్కడ అర్హులే.

వివరాలు వచ్చాక 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి, తర్వాత పోయి పిల్లల్ని కలవాలి, మెడికల్ రిపోర్టు మీ డాక్టర్‌కి చూపించుకోవచ్చు. ఒప్పుకుంటే ముందు సంరక్షణ కోసమని ఇంటికి పంపుతారు, ఆ తర్వాత ఉత్తర్వు. పూర్వం కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తున్నారు. ఆ తర్వాత 2 ఏళ్లు, 6 నెలలకోసారి వచ్చి చూసిపోతారు.


మొలగొలుకులు:

అడగొచ్చో లేదో, కానీ మా ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఏ కులమో, ఎవరి పిల్లలో తెలియదు, రేపు పెళ్లిళ్ల దగ్గర ఇబ్బంది కదా అని మా అత్తయ్య. ఇంకో భయం, 18 ఏళ్లు పెంచాక వాళ్ల సొంతవాళ్లు వచ్చి మా బిడ్డలు అంటే? ఆస్తి సంగతేంది?


ఒంగోలు గిత్త:

మీ అత్తయ్య గారికి ఇట్లా చెప్పండి. ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ పిల్లలు అన్ని విధాలా మీ పిల్లలే, పాత కుటుంబంతో చట్టపరమైన సంబంధం తెగిపోతుంది, 63వ సెక్షన్‌లో అదే ఉంది. బర్త్ సర్టిఫికెట్ మీ పేర్లతో వస్తుంది. ఆస్తిలో కన్నబిడ్డకి ఉన్న హక్కే వాళ్లకీ. బిడ్డని తల్లిదండ్రులే అప్పగించినప్పుడు కూడా మనసు మార్చుకోవడానికి 2 నెలలు ఇస్తారు, అది అయ్యాకే దత్తతకి పెడతారు. కాబట్టి మధ్యలో ఎవరో వచ్చి లాక్కుపోవడం ఉండదు. పిల్లలే 18 దాటాక మా మూలాలు తెలుసుకోవాలి అనుకుంటే అడిగే హక్కు ఉంది, అది వాళ్ల ఇష్టం, మనం అడ్డుపడకూడదు.

కులం గురించి నా మాట నేను చెబుతా. మా పాప 10వ తరగతికి వచ్చింది. ఎదురింటి వాళ్లు మొదటి ఏడాది అడిగారు, మా పాప అని చెప్పాను. రెండో ఏడు అడగలేదు.


దర్శి టీచరమ్మ:

మేము ఇద్దరు అక్కచెల్లెళ్లని తెచ్చుకున్నాం, వచ్చేటప్పటికి పెద్దదానికి 8, చిన్నదానికి 5. సముద్రగాలి గారు ఎట్లా జరిగిందో రాయమన్నారు కాబట్టి దాచకుండా రాస్తాను.

మొదటి కొన్ని నెలలు కష్టమే. పెద్దది చిన్నదాన్ని నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. స్నానం నేను పోస్తానంటే "మీరు వద్దు, దానికి కళ్లల్లో సబ్బు పడుతుంది, నేనే పోస్తా" అనేది. 8 ఏళ్ల పిల్ల! అమ్మ పని దాని నెత్తిన పడి ఎన్నాళ్లయిందో. ఒక్కసారిగా లాగేసుకుంటే నాకేం మిగిలింది అనుకుంటుంది. అందుకే నీళ్లు తను పోసేది, సబ్బు నేను రుద్దేదాన్ని. జడలు కూడా అట్లాగే, ఒకటి తను, ఒకటి నేను. ఒకరోజు నీళ్లు సగంలో ఉండగా వీధిలో పిల్లలు పిలిస్తే చెంబు నా చేతిలో పెట్టి పరిగెత్తింది. నేను ఆ చెంబు పట్టుకుని ఎంత ఏడ్చానో, చిన్నది నన్ను చూసి బిత్తరపోయింది.

తిండి దాచేది. దిండు కింద చపాతీలు, పలకల సంచిలో బెల్లం ముక్క, చీమలు పట్టేవి. మా అత్తగారికి కోపం వచ్చింది, దొంగతనం అలవాటవుతుందని. కౌన్సిలర్ ఏం చెప్పిందంటే, అది దొంగతనం కాదు, రేపు దొరకదేమో అనే భయం, చెల్లెలికి పెట్టాలి కదా. పిల్లల చేతికి అందే అరలో ఒక డబ్బా పెట్టాం, అందులో వేరుశెనగ ఉండలు, బిస్కెట్లు ఎప్పుడూ ఉండేట్టు చూశాం, అడక్కుండా తీసుకోవచ్చని చెప్పాం. కొన్నాళ్లకి దిండు కింద చపాతీలు ఆగిపోయాయి. ఆ డబ్బా ఇప్పటికీ ఉంది, వచ్చిన చుట్టాల పిల్లలకి పెద్దదే తీసి పెడుతుంది.

ఏదన్నా అల్లరి చేసినప్పుడల్లా "మమ్మల్ని ఎప్పుడు పంపించేస్తారు" అని అడిగేది. మాటతో చెబితే నమ్మేది కాదు. కలెక్టర్ ఉత్తర్వు వచ్చాక మా ఆయన ఆ కాగితం దాని ముందు పెట్టి, చదవడం వచ్చు కదా చదువు అన్నారు. అది ఇంగ్లీషులో ఉంది, దానికి రాదు, అందుకని ఆయనే ప్రతి వాక్యం తెలుగులో చెప్పారు. మళ్లీ చదవమంది. జెరాక్స్ కావాలంది. ఇచ్చాం, దాని స్కూల్ బ్యాగులోనే ఉంటుంది.

ఇద్దర్ని ఒకేసారి ఎట్లా అని భయపడేవాళ్లకి నా అనుభవం చెబుతున్నా. రాత్రిళ్లు భయం వేస్తే వాళ్లిద్దరూ ఒకరికొకరు ఉన్నారు. మేమింకా కొత్తవాళ్లం, మా వాసన కొత్త, ఇల్లు కొత్త, మాట కూడా కొత్త, వాళ్లది కడప వైపు యాస. అన్నీ మారినా పక్కన పడుకున్న మనిషి మారలేదు, అందుకే తొందరగా కుదురుకున్నారు. ఒక్కదాన్నే తెచ్చుకుని ఉంటే మాకు దాని గతం గురించి చెప్పేవాళ్లే ఉండరు. చిన్నదానికి ఏ జోల పాడితే నిద్రపడుతుందో పెద్దదే నాకు నేర్పింది.

ఖర్చు మాత్రం ఖర్చే. ఫీజులు ఇద్దరికీ ఒకేసారి, చెప్పులు, పుస్తకాలు అన్నీ రెండు. ముందే లెక్క వేసుకోండి.


నెల్లూరు టు డల్లాస్:

మేము వింజమూరు దగ్గరివాళ్లం, ఇప్పుడు అమెరికాలో. మాకు ఒక బాబు ఉన్నాడు. మాలాంటి వాళ్లు తోబుట్టువుల్ని తీసుకోవచ్చా, ఇండియాలో ఉన్నవాళ్ల తర్వాతే మాకు ఇస్తారా?


రిటైర్డ్ సూపర్‌వైజర్:

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారైలకి ఇక్కడున్నవాళ్లతో సమానంగానే వరుస. కాకపోతే మీరు ఇక్కడి డీసీపీయూ ద్వారా కాదు, అక్కడ కారా గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారా వెళ్లాలి, ఇంటి రిపోర్టు వాళ్లే రాస్తారు. కారా ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), వీసా పనులు ఉంటాయి కాబట్టి సమయం పడుతుంది. పిల్లలకి ఇంగ్లీషు రాదు, అక్కడి చలి తెలియదు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లయితే అదే వాళ్లకి పెద్ద అండ. మీ బాబుతో ఇప్పటి నుంచే మాట్లాడండి.


సముద్రగాలి:

టీచరమ్మ గారూ, మీరు రాసింది మా ఆయనకి ఆసుపత్రిలో చదివి వినిపించాను. పక్క బెడ్ ఆవిడ కూడా వింది.

నాకు ఒక మాట చెప్పండి. రేపు ఎవరో ఒకరు వస్తే, పిల్లల్ని నేను ఎట్లా సిద్ధం చేయాలి? ముందే చెప్పి, వాళ్లు రాకపోతే? చెప్పకపోతే మోసం చేసినట్టు. వెళ్లాక మేము ఫోన్ చేయొచ్చా? మర్చిపోవాలా?


రిటైర్డ్ సూపర్‌వైజర్:

అమ్మా, వరుసలో పేరు వచ్చిందని కాదు, వాళ్లు ఒప్పుకుని కలవడానికి వచ్చే తేదీ ఖాయం అయ్యాక చెప్పండి. దత్తత విషయంలో పిల్లల వయసును, తెలివిడిని బట్టి వాళ్ల ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని చట్టంలోనే ఉంది, కాబట్టి పాపని కూర్చోబెట్టి అడుగుతారు. ఆ పాప అడిగే మొదటి ప్రశ్న తమ్ముడి గురించే. "ఇద్దరూ ఒకే ఇంటికి" అని మీ నోటితో ముందే చెప్పండి.

ఇప్పటి నుంచే ఒక ఆల్బమ్ చేయండి. మీ ఇంట్లో దిగిన ఫొటోలు, బడిలో వేసిన బొమ్మలు, టీకాల కార్డు, పడిన పళ్ల గురించి, ఏ కూర ఇష్టం, ఏ మందు పడదు, అన్నీ అందులో రాయండి. వాళ్లతో పాటు పంపండి. ఫోన్ సంగతి కొత్త తల్లిదండ్రుల ఇష్టం మీద ఉంటుంది, సోషల్ వర్కర్ సమక్షంలో ముందే మాట్లాడుకోండి. కలిసినవాళ్లలో చాలామంది ఒప్పుకుంటారు, పిల్లలు మొదటి వారాల్లో మిమ్మల్ని అడుగుతారు కాబట్టి వాళ్లకే మీ సాయం కావాలి.


దర్శి టీచరమ్మ:

అవునండీ. మా పిల్లల్ని చూసుకున్న ఆయమ్మ గారికి మేమే వీడియో కాల్ చేసేవాళ్లం. ఆమె "బాగున్నారా, అమ్మ చెప్పినట్టు వినండి" అని నన్ను అమ్మ అని పిలవడం విన్నాకే పెద్దది నన్ను అట్లా పిలిచింది. మీరు అంత పని చేయగలరు.


బుచ్చి కుర్రోడు:

అక్కా, బావ సోమవారం నెల్లూరు డీసీపీయూకి వెళ్తున్నారు. తోబుట్టువులు, 10 ఏళ్ల లోపు అని పెట్టమని ఇద్దరూ అనుకున్నారు. మీ దగ్గరున్న పిల్లలే వస్తారని లేదని, ఏ జిల్లా పిల్లలైనా రావచ్చని వాళ్లకి చెప్పాను, ఎవరైనా సరే అన్నారు. ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?


రిటైర్డ్ సూపర్‌వైజర్:

ఇద్దరి ఆధార్, పాన్, పుట్టిన తేదీ రుజువు, పెళ్లి సర్టిఫికెట్, కుటుంబ ఫొటో, అడ్రస్ రుజువు, ఆదాయం కాగితం, ఇద్దరికీ డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య సర్టిఫికెట్. పెళ్లి రిజిస్టర్ చేయించకపోతే ముందు ఆ పని చూడమను, దాని దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ఫీజు ఏదైనా ప్రభుత్వం నిర్ణయించిందే, రసీదు వచ్చేట్టు కట్టాలి, ఎవరి చేతికీ డబ్బు ఇవ్వొద్దు. మీ అక్కని కూడా వెంట తీసుకెళ్లమను, బావ ఒక్కడే పోతే మళ్లీ ఇద్దరూ రండి అంటారు.